కాయితం మీద లేని లైను

జీవరత్నం ఆ రోజు అడిగింది చిన్న మాటే. "మౌలా, నాకే మళ్ళీ పడిందేందిరా? ఆ కాయితం ఒకసారి సరిగ్గా చూడు." రెండు గంటల షిఫ్టు దిగేవాళ్ళు, ఎక్కేవాళ్ళు ఫ్యాక్టరీ గేటు ముందు గుంపుగా నిలబడి ఉన్నారు. యూనియన్ తరఫున కాయితాలు చదివేది నేను. అప్పుడే కాయితాలు, వాటి వెనకే చీటీ పడినవాళ్ళ పేర్లు చదవడం ముగించి, గొంతు ఎండిపోయి, మంచినీళ్ళ కోసం చూస్తున్నాను. నాకు చిర్రెత్తుకొచ్చింది. అసలు నాకు చిర్రెత్తడానికి పెద్ద కారణం అక్కర్లేదు, మా వర్క్‌షాపులో ఎవరినడిగినా చెప్తారు.

"చదివింది చెవిలో పళ్ళేదా? చీటీరా అది. మిషనుకు నీ మొహం తెలవదు, నా మొహం తెలవదు. అంత అనుమానమైతే ఇదిగో, నువ్వే చదువుకో" అని కాయితాలు వాడి గుండెకేసి కొట్టాను. వాడు ఐదో తరగతితో బడి మానేసినవాడు. ఆ సంగతి నాకు తెలుసు, అక్కడున్న అందరికీ తెలుసు. నలుగురు నవ్వారు. జీవరత్నం కాయితాలు కింద పడకుండా పట్టుకుని, మడతలు సరిచేసి, మళ్ళీ నా చేతికిచ్చాడు. ఇచ్చి, దగ్గుకుంటూ వెళ్ళిపోయాడు.

ఆ కాయితాలేమిటో చెప్పకపోతే మీకు ఈ కథ అర్థం కాదు. దాచేపల్లి దగ్గర మా సిమెంటు ఫ్యాక్టరీలో ప్యాకింగ్ సెక్షనంటే అందరికీ హడలు. మిషను మూతికి బస్తా తగిలిస్తే సిమెంటు బుస్సున నిండుతుంది, నిండినంత దుమ్ము పైకి లేస్తుంది. ముక్కుకి తువాలు కట్టుకుంటాం. డ్యూటీ దిగాక కంపెనీవాళ్ళు తలా ఒక బెల్లం ముక్క చేతిలో పెడతారు, దుమ్ము కడుపులోకి జారిపోతుందని. ఊపిరితిత్తుల్లోకి పోయిన దుమ్ముని బెల్లం ఎక్కడ వెతికి పట్టుకుంటుందో నాకెప్పుడూ అర్థం కాలేదు. ఆ సెక్షనుకు సొంత మనుషులు చాలరు గనక, నెలనెలా మిల్లు నుంచి, యార్డు నుంచి, వర్క్‌షాపు నుంచి కొంతమందిని పంపేవాళ్ళు. ఎవరు పోవాలో మేస్త్రీ కృపాదానం చెప్పేవాడు. ఆయనకు ఎదురు మాట్లాడినవాడు నెలంతా దుమ్ములో ఉండేవాడు. ఆయన పెరట్లో గేదెకు గడ్డి కోసిచ్చినవాడు నీడపట్టున ఉండేవాడు.

దాని మీదే ఎనభై ఆరులో సమ్మె చేశాం. ఆఖరికి ఒప్పందం కుదిరింది. ఎవరు పోవాలో ఇక మేస్త్రీ చెప్పడు, కొత్తగా వచ్చిన కంప్యూటరు చీటీ తీస్తుంది. "మిషనులో మీరేం పెట్టారో మాకేం తెలుస్తది?" అని నేనే పేచీ పెట్టాను. దానికి కంప్యూటరు గదిలో పనిచేసే అమ్మాయి ఒక దారి చూపించింది. ఆ అమ్మాయి ఎవరో కాదు, నా చెల్లెలు అబిదా.

మాది నరసరావుపేట. మేము దూదేకులవాళ్ళం. మా నాయన పరుపులు కుట్టేవాడు. అబిదా పేటలోనే బీయెస్సీ లెక్కలు చదివి, గుంటూరులో కంప్యూటరు డిప్లొమా చేసి, నేను ఫిట్టరుగా ఉన్న ఫ్యాక్టరీలోనే ఉద్యోగం సంపాదించింది. మా వీధిలో ఆడపిల్ల అంత చదవడం అదే మొదలు. నేను దాన్ని సైకిలు మీద ఎక్కించుకుని కాలేజీకి దింపినవాణ్ణి గనక, దాని ఉద్యోగంలో సగం నాదే అన్నట్టు తిరిగేవాణ్ణి.

దాని పని ఎలాంటిదో నాకు అర్థమైనంత వరకు చెప్తాను. ఈ చీటీల వ్యవహారంలో మూడు భాషల ప్రోగ్రాములున్నాయి. మనుషుల పేర్లు, టోకెన్ నంబర్లు చదివేది కోబాల్‌లో ఉంది. చీటీ తీసేది ఫోర్‌ట్రాన్‌లో ఉంది. ఫలితం అచ్చువేసేది సీ అనే భాషలో ఉంది. మూడూ మూడు చోట్ల ఉంటే ఎవడికీ ఏమీ అర్థం కాదు. అందుకని అబిదా అన్నిటినీ ఒకే ఫైల్లో పెట్టింది. ముందు తెలుగులో ఒక పేరా, ఇంగ్లీషు అక్షరాలతో కొట్టిన తెలుగు. "యాభై దాటినవాళ్ళని చీటీలో కలపకూడదు, ఎందుకంటే ఒప్పందంలో అలా ఉంది" అని. దాని కిందే ఆ పని చేసే ప్రోగ్రాము ముక్క. మళ్ళీ ఒక పేరా, మళ్ళీ ఒక ముక్క. ఇలాంటిది అమెరికాలో ఒక ప్రొఫెసరు ముందే చేశాడట, అయితే ఒకే భాషకు. మాకు మూడు కావాలి గనక అబిదా సొంతంగా రెండు కమాండ్లు రాసుకుంది. అడిగినవాళ్ళకు అర్థం కావాలని వాటికి తెలుగు పేర్లే పెట్టింది.

నల్లటి తెర మీద 'అల్లు' అని కొడితే తెలుగు పేరాలు, ప్రోగ్రాము ముక్కలు వరసగా కలిసి మనుషులు చదివే కాయితంగా అచ్చవుతాయి. 'విప్పు' అని కొడితే పేరాలు పక్కకు పోయి, ఏ భాష ముక్కలు ఆ భాష ఫైల్లోకి చేరతాయి. మిషను తినేది అదే. "ఉన్నది ఒక్కటే ఫైలన్నా. మీకు చూపించేది, మిషను చేసేది అందులోంచే వస్తాయి. వేరేగా ఉండటానికి కుదరదు" అని మీటింగులో అందరి ముందూ చెప్పింది. ఎందుకో రాయకుండా ఒక్క ముక్క కూడా రాయకూడదని తనకు తానే నియమం పెట్టుకుంది. ఆ మాట మావాళ్ళకు చాలా నచ్చింది. కారణం చెప్పి పని చేయించిన పెద్దమనిషి అప్పటిదాకా మా ఫ్యాక్టరీలో లేడు.

అప్పటినుంచి అదొక ఆచారమైంది. ప్రతి నెలా చీటీలకు ముందు నేను గేటు దగ్గర బల్ల ఎక్కి ఆ కాయితాలు మొదటినుంచి చివరిదాకా చదవాలి. పేరాలే కాదు, ప్రోగ్రాము ముక్కలు కూడా. "ఎన్ ఈజీక్వల్ టు" అంటూ నేను చదువుతుంటే మొదట్లో నవ్వేవాళ్ళు, పోనుపోను నాతోపాటే పలికేవాళ్ళు తయారయ్యారు. నాకూ నోటికి వచ్చేసింది. ఎన్ అంటే చీటీలో వచ్చిన టోకెన్ నంబరు. ఇవన్నీ తెలిసినవాడిలా మీసం దువ్వేవాణ్ణి.

చీటీ పడిందాన్ని ఎవరూ మార్చుకోకూడదన్న షరతు కూడా నేనే పెట్టించాను. అలా మార్చుకోనిస్తే కృపాదానం మనుషులు బలహీనుల నెత్తిన రుద్దుతారని నా భయం. కాయితంలో అదీ రాసి ఉంది.

రెండేళ్ళు గడిచాయి. నాకు ఒక్కసారి కూడా ప్యాకింగ్ పడలేదు. "మౌలాలీకి దర్గా తాయెత్తు ఉందిరోయ్" అని ఏడిపించేవాళ్ళు. నేను చొక్కా గుండీ తీసి తాయెత్తు చూపించి నవ్వేవాణ్ణి. జీవరత్నానికి ఆ రెండేళ్ళలో నాలుగుసార్లు పడింది. మేమిద్దరం ఒకే రోజు ఉద్యోగంలో చేరాం. నా టోకెన్ 417, వాడిది 418. క్యాంటీన్లో ఒకే బల్ల, సైకిళ్ళు ఒకే కమ్మీకి. నాలుగోసారి పడ్డప్పుడే వాడు ఆ మాట అడిగాడు. నేను వాణ్ణి నలుగురిలో నవ్వులపాలు చేశాను.

అసలు నాకెందుకు పడటం లేదని నాకెప్పుడూ అనిపించలేదా? అనిపించింది. అడిగితే ఎక్కడ పడుతుందోనని అడగలేదు. ఆ మాత్రం నిజం ఇక్కడ చెప్పకపోతే ఇక ఈ కథ చెప్పడమే దండగ.

మరుసటి నెల చీటీలు కూడా అయిపోయాయి. అయిదోసారి కూడా జీవరత్నమే. ఈసారి వాడేమీ అడగలేదు. అప్పటికే మెట్లెక్కితే ఆయాసం, రాత్రిళ్ళు కూర్చునే నిద్ర. ఛాతీ జబ్బని డాక్టరు కాయితమిస్తే చీటీలోంచి తీసేస్తారు. మా ఫ్యాక్టరీ డాక్టరు మాత్రం బీడీలు మానెయ్యమని చెప్పి పంపాడు. జీవరత్నం జన్మలో బీడీ ముట్టలేదు. ఒకటో తారీకునుంచి వాడు ప్యాకింగులో దిగాలి. ఈసారి దిగితే లేవడని వాడి పెళ్ళాం మేరీ మా అమ్మ దగ్గర కూర్చుని ఏడ్చిపోయింది.

అదే వారం అబిదాకు కామెర్లొచ్చి మంచమెక్కింది. మేము ముగ్గురం, అంటే అమ్మ, అబిదా, నేను కంపెనీ క్వార్టర్లో ఉంటాం. పాత కాయితాలు వానకు తడిస్తే ఇంకో కాపీ కావాల్సొచ్చి నేను కంప్యూటరు గదికి పోయాను. చెప్పులు బయట విడిచి లోపలికి పోవాలి, దేవుడి గదిలోకి పోయినట్టు. ఆఫీసరు జ్ఞానయ్య గారికి ఆ మిషనంటే భయం. "మీ చెల్లెలు లేకపోతే ఇది మాట వినదయ్యా. నువ్వు పక్కనుండి చూస్తుంటావుగా, నువ్వే కొట్టు" అన్నాడు. నాకు గర్వం పొంగుకొచ్చింది. కుర్చీ లాక్కుని కూర్చున్నాను.

అల్లు కొట్టాల్సినవాణ్ణి విప్పు కొట్టాను. కాయితం రాలేదు. తెర మీద మూడు కొత్త ఫైళ్ళ పేర్లు కనపడ్డాయి. తప్పు కొట్టానని ఆయనకు చెప్పడం నామోషీ అనిపించి, ఏదో ఒకటి అచ్చు వేసుకుని పోదామని ఫోర్‌ట్రాన్ ఫైలుకి ప్రింటు ఇచ్చాను. ప్రింటరు గీరుకుంటూ ఒక్క పేజీ కక్కింది. పేరాలు లేవు, ఉత్త ప్రోగ్రాము ముక్కలే. నాకు కంఠతా వచ్చినవే గనక, నిలబడే చదువుకుంటూ పోయాను. చీటీ తీసే చోటికొచ్చేసరికి నాలుక తడబడింది. నేనెన్నడూ చదవని లైను ఒకటి అక్కడుంది.

దాన్ని తెలుగులో చెప్పాలంటే ఇంతే. ఎన్ గనక 417 అయితే, ఎన్‌కి ఒకటి కలుపు.

మళ్ళీ చదివాను. నడుముకు వేలాడుతున్న ఇత్తడి టోకెన్ తీసి చూసుకున్నాను, నా నంబరు నాకు తెలియనట్టు. చీటీలో నా నంబరొస్తే మిషను దాన్ని పక్కకు నెట్టి, తర్వాతి నంబరు చెప్తోంది. నా తర్వాతి నంబరు జీవరత్నం. ఆ కాయితాన్ని మడిచి జేబులో పెట్టుకున్నాను. దొంగతనం చేసినవాడిలా గది దాటి, చెప్పులు వేసుకోవడం మర్చిపోయి మిల్లు దాకా నడిచాను.

అబిదా ఫైల్లో పొట్టు అని ఒకటుంది. ప్రింటరు మార్జిను ఎంత, ఫైలు ఎక్కడ తెరవాలి లాంటి లైన్లు మనుషులకు అనవసరం. అలాంటి లైను ముందు ఒక చుక్క పెడితే 'అల్లు' దాన్ని కాయితం మీద వెయ్యదు, 'విప్పు' మాత్రం మిషనుకిస్తుంది. ఆ సంగతి నాకు తెలుసు. "పొట్టు తీసేశారు, గింజలన్నీ ఇక్కడున్నాయి" అని గేటు దగ్గర నేనే గొప్పగా చెప్పాను. పొట్టులో ఏముందో చూపించమని ఎవరూ అడగలేదు. నా మీద నమ్మకంతో అడగలేదు.

ఇంటికెళ్ళి కాయితం అబిదా మంచం మీద పడేశాను. అది లేచి కూర్చుని ఒక్కసారి చూసింది, మళ్ళీ చూడలేదు. కళ్ళు పచ్చగా ఉన్నాయి. నేను అడగకముందే అదే చెప్పుకొచ్చింది, మెల్లిగా, గోడకేసి చూస్తూ. నాయన చివరి రోజుల్లో మంచం పట్టె పట్టుకుని ఊపిరి కోసం వంగిపోయేవాడు గదా, దూది నూగు దగ్గితే తెల్లగా పడేది గదా. ప్రోగ్రాము రాస్తుంటే టోకెన్లలో నా నంబరు కనపడిందట. తన చెయ్యే తన మాట వినలేదట.

"జీవరత్నం అన్న నంబరని నాకు తెలవదన్నా," అంది. "ఎవరిదో చూళ్ళేదు. చూస్తే రాయలేనేమోనని చూళ్ళేదు."

అమ్మ, ఖాతూన్ బీ, పొయ్యి దగ్గర్నుంచి వచ్చి అంతా విన్నది. అర్థమయ్యాక అబిదా తల నిమిరింది. "అన్నను కాపాడుకుంటే తప్పేందిరా? ఆళ్ళకు ఆళ్ళ దేవుడున్నాడు" అన్నది. అమ్మ మీద నేనెప్పుడూ గొంతెత్తలేదు. ఆ పూట ఎత్తాను. మేరీ నీ దగ్గరే గదా ఏడ్చింది, ఆమె కళ్ళు తుడిచింది నువ్వే గదా అని అరిచాను. అమ్మ కొంగు నోట్లో కుక్కుకుని లోపలికి పోయింది. అరిచానే గాని, నాలోనూ ఒక మూల హాయిగా ఉంది. రెండేళ్ళ దుమ్ము నా ఒంట్లోకి పోలేదు. ఆ హాయికి నా మీద నాకే అసహ్యం పుట్టింది.

అబిదా ఒక దారి చెప్పింది. ఒంట్లో కాస్త బాగవగానే పోయి ఆ లైను తీసేస్తుంది. ఎవరికీ చెప్పొద్దు. చెప్తే దాని ఉద్యోగం పోవడమే కాదు, కాయితాలు చదివే పద్ధతి కూడా పోతుంది. మిషను మీద నమ్మకం పోయిందంటే మళ్ళీ కృపాదానం వేలు పెట్టి మనుషుల్ని చూపిస్తాడు. అప్పుడు అందరూ నష్టపోతారు. అది చెప్పిందాంట్లో తప్పు పట్టడానికి ఏమీ లేదు. ఎంత ఆలోచించినా అదే సబబుగా తోచింది. అందుకే నాకు మరీ భయమేసింది.

లైను తీసేస్తే ఇకముందు తీసే చీటీలకు సరిపోతుంది. ఈసారి చీటీలో మాత్రం ఇప్పటికే జీవరత్నం పేరు పడి ఉంది. మర్నాడు వాడింటికి పోయాను. గుమ్మంలో నులక మంచం మీద కూర్చుని ఉన్నాడు, రెండు మోచేతులూ మోకాళ్ళ మీద ఆనించి. మా నాయన అచ్చం అలాగే కూర్చునేవాడు. నీ బదులు నేను దిగుతానురా అన్నాను. వాడు నవ్వాడు. మార్చుకోకూడదని రాయించింది నువ్వే గదా, ఇప్పుడు నువ్వే తప్పితే కృపాదానం చేతికి కర్ర ఇచ్చినట్టే గదా అన్నాడు. నేను బతిమాలాను. వాడికి కోపమొచ్చింది.

"ఆ రోజు నేను అడిగింది తప్పేరా. మిషను కావాలని చేసిద్దా? నువ్వు అంతమందిలో చదివేది అబద్ధమైద్దా? నాకు రాసిపెట్టుంది, పడింది" అన్నాడు. పైపెచ్చు ఆ రోజు అనుమానపడినందుకు ఏమనుకోవద్దన్నాడు. మేరీ టీ తెచ్చిస్తే తాగాను. ఆ టీ గొంతు దిగుతుంటే అక్కడే చెప్పేయాలనిపించింది. చెప్పలేదు. చెల్లెలి మొహం గుర్తొచ్చి చెప్పలేదని అనుకున్నాను గానీ, వాడు నన్ను చూసే చూపు మారిపోతుందనే చెప్పలేదు.

ఇంటికొచ్చి అబిదాతో ఒకటే మాటన్నాను. లైను ఉంచుకో, తీసెయ్, నీ ఇష్టం. ఇక ఆ కాయితాలు నేను చదవను. నా నోట్లోంచి వచ్చిన ప్రతి మాటా వాడి ఛాతీలోకి దుమ్మై పోయింది. వేరేవాణ్ణి చూసుకోండి అన్నాను. అది ఆ రాత్రి అన్నం తినలేదు. మర్నాడు పొద్దున్నే, నడవడానికి ఓపిక లేకపోయినా, రిక్షా పిలిపించుకుని కంప్యూటరు గదికి పోయింది.

మధ్యాహ్నం షిఫ్టు వేళకు గేటు దగ్గరికొచ్చింది. తడిసినవాటి బదులు కొత్త కాయితాలు వస్తాయని, వాటిని చదువుతారని అందరికీ ముందే చెప్పి ఉంది. జనం ఎప్పటిలాగే మూగారు. జీవరత్నం గేటు స్తంభానికి ఆనుకుని ఉన్నాడు. కృపాదానం సైకిలు షెడ్డు దగ్గర చేతులు కట్టుకుని నిలబడ్డాడు, జ్ఞానయ్య గారు కూడా వచ్చారు. అబిదా కాయితాలు నాకివ్వబోయింది. నేను తీసుకోలేదు. "చుక్క అనేదే తీసేశానన్నా. ఇక అల్లు కొడితే అన్నీ వస్తయ్. చదువు" అంది. తీసుకుని బల్ల ఎక్కాను.

ఎప్పటి పేరాలే, ఎప్పటి ముక్కలే. మధ్యమధ్య ప్రింటరు మార్జిను లాంటి చెత్త లైన్లు వచ్చాయి, అవీ చదివాను. జనం విసుక్కున్నారు. చీటీ తీసే చోటికొచ్చింది. అక్కడ ఆ లైను ఉంది. దాని పైన, కారణం రాయకుండా ముక్క రాయకూడదు గనక, ఒక పేరా ఉంది. ఆ పేరా నేను మొదటిసారి చూడటం అప్పుడే. బల్ల మీద నిలబడి, వందమంది నా మొహంలోకి చూస్తుండగా, చెల్లెలి మాటలు నా గొంతుతో చదవాల్సొచ్చింది.

"మా నాయన దూది దుమ్ముతో చనిపోయాడు. మా అన్న మౌలాలీ సిమెంటు దుమ్ములోకి పోకూడదని నేను ఈ లైను రాశాను. ఇది రాసినట్టు ఈ వారం దాకా అన్నకు తెలియదు. ఈ లైను వల్ల మా అన్న నంబరు వచ్చినప్పుడల్లా తర్వాతి మనిషి పోయాడు. ఇలా రాయడానికి నాకు హక్కు లేదు. ఈ నెల చీటీ చెల్లదు."

తర్వాత లైను చదివాను. ఎన్ గనక 417 అయితే, ఎన్‌కి ఒకటి కలుపు. నెలనెలా నాతోపాటు పలికేవాళ్ళలో ఒకడు అలవాటుకొద్దీ 'ఎన్' అని అందుకుని, అక్కడే ఆగిపోయాడు. ఆ తర్వాత ఒకేసారి గోల మొదలైంది. తాయెత్తు చూపించి నవ్వేవాడివి గదరా అని ఎవరో అరిచారు. అన్నకు తెలియదట, మేము చెవుల్లో పూలు పెట్టుకున్నామా అని ఇంకెవరో అన్నారు. యార్డులో పనిచేసే ఆదెమ్మ అబిదా ముందుకొచ్చి, ఆడపిల్లవని నమ్మాం గదమ్మా అని ఒక్కమాట అని ఉమ్మేసి పోయింది. కృపాదానం నవ్వును మీసం కింద దాచుకుంటున్నాడు. జ్ఞానయ్య గారు అబిదా దగ్గరకొచ్చి గది తాళంచెవులు అడిగి తీసుకున్నారు. అది ఇచ్చేసి, అక్కడే నిలబడింది.

నాకు తెలియదు అని చెప్పబోయి ఊరుకున్నాను. ఎవరు నమ్ముతారు? రెండేళ్ళు అడగకుండా ఉన్నవాణ్ణి, తెలియదని ఏ నోటితో అనను?

జీవరత్నం స్తంభాన్ని వదిలి నెమ్మదిగా ముందుకొచ్చాడు. జనం దారిచ్చారు. వాడు కొడతాడనుకున్నాను, కొడితే బాగుండుననుకున్నాను. బల్ల దగ్గర ఆగి, ఊపిరి తీసుకుని, తలెత్తి నన్ను చూశాడు.

"ఈ నెలది పోతే, ముందు నాకు పడ్డయిగా మౌలా, ఆ నాలుగూ. అందులో నాయి ఎన్ని, నీయి ఎన్ని?"

నేను అబిదా వైపు చూశాను. మిషను చీటీ తీస్తుంది, నంబరు మార్చాల్సుంటే మారుస్తుంది, మారాక వచ్చిన నంబరే రాసి పెట్టుకుంటుంది. ముందు ఏం వచ్చిందో ఎక్కడా ఉండదు. ఆ మాట అది చెప్తుంటే సగమే బయటికొచ్చింది, మిగతా సగం నేనే అందుకుని చెప్పాను. నాలుగూ నావే అయ్యుండొచ్చు. ఒక్కటీ కాకపోవచ్చు. ఎవరికీ తెలియదు, ఎప్పటికీ తెలియదు.

జీవరత్నం తలూపాడు. దగ్గొస్తే తువాలు నోటికి అడ్డం పెట్టుకుని, అది తగ్గేదాకా ఆగాడు. మేమంతా వాడి దగ్గు తగ్గేదాకా ఆగాం.

"అయితే నాలుగూ నీయే అనుకుంటాలేరా," అన్నాడు.